గంతలు కట్టి చూద్దామన్న మనిషి

ఆయన జీవితంలో ఎవరినీ నొప్పించలేదని మొన్న సంతాపసభలో నలుగురు వక్తలు చెప్పారు. నలుగురూ అబద్ధం చెప్పారు. ఆయన నొప్పించాడు. ఎవరిని నొప్పించాలో చూసుకుని మరీ నొప్పించాడు. అందుకే కదా ఒకప్పుడు ఈ చుట్టుపక్కల జాతరల్లో ఆయన్ను వేదిక ఎక్కనివ్వకుండా చేశారు. అలా చేసినవాళ్లలో ముఖ్యుడే మొన్నటి సభకు అధ్యక్షుడు. ఫొటోకు దండ వేసి, కళ్లజోడు తీసి తుడుచుకుని, "నవ్వుల దేవుడు" అన్నాడు. సంతాపసభ అన్న సంగతి మరచిపోయి జనం చప్పట్లు కొట్టారు. ఇంకొకాయన లేచి, హాస్యం ఆరోగ్యానికి మంచిదన్నాడు. అదేదో భోజనమయ్యాక వేసుకునే చూర్ణమైనట్టు.

నేను వెనక వరసలో కూర్చున్నాను. నన్ను మాట్లాడమని ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేదాన్నో ఇంటికి వచ్చి ఇలా రాస్తున్నాను. ఆయన పేరు మాత్రం రాయను. ఆ పేరును జాతర కరపత్రాల మీంచి కొట్టేయించిన వాళ్లే మొన్న గుడ్డ మీద రంగులతో రాయించి కట్టారు. దానికి ఆ మర్యాద చాలు.

ఆయనకు అన్నం పెట్టింది ఆయిల్ ఇంజిన్లు. బీదరును ఆనుకుని ఉన్న నౌబాద్‌లో రోడ్డు పక్కన చిన్న రేకుల షెడ్డు ఉండేది. రైతులు ఎడ్లబండ్ల మీద ఇంజిన్లు తెచ్చి దింపేవాళ్లు. బావుల దగ్గరికి ఈయనే వెళ్లి బాగుచేసిన రోజులూ చాలా. పొడుగు మెడ, పల్చటి మనిషి. మసిగుడ్డ ఒకటి ఎప్పుడూ భుజం మీద ఉండేది. ఏదైనా గట్టి మాట అనే ముందు ఆ గుడ్డతో ఒక్కో వేలూ తుడుచుకునేవాడు. వేళ్లు శుభ్రంగా ఉన్నా తుడుచుకునేవాడు.

జాతరల్లో నాటకం ఆడుతుంటే, తెర వెనక వేషాలు మార్చుకునేంత సేపు తెర ముందు జనాన్ని పట్టి ఉంచే మనిషి ఒకడు కావాలి. అతను చేసేదాన్ని మా వైపు నకల్ అంటారు. సీజన్‌లో ఈయన పని అది. మేకప్పు లేదు, వేషం లేదు. ఇంజిను బాగుచేసిన బట్టలతోనే వచ్చి నిలబడేవాడు. తెలుగు, దక్కనీ, కన్నడం, మరాఠీ నాలుగూ కలిపి కొట్టేవాడు.

ఆయన నకళ్లలో ఒకటి చెబుతాను. బీదరు మైసూరు రాష్ట్రంలో కలిసిన కొత్తల్లో దక్షిణం నుంచి ఒక ఆఫీసరు వస్తాడు. గొప్ప కన్నడంలో ఏదో అంటాడు. పక్కన ఉన్న గుమాస్తాకు ఉర్దూ తప్ప రాదు. తల ఊపి రైతుతో దక్కనీలో ఇంకేదో అంటాడు. రైతుకు తెలుగు తప్ప రాదు. అతనూ తల ఊపి వేలిముద్ర వేస్తాడు. ముగ్గురూ నమస్కారాలు పెట్టుకుని విడిపోతారు. తర్వాత ఒక్కొక్కరూ జనం వైపు తిరిగి, "ఆయన ఏమన్నడు?" అని మెల్లగా అడుగుతారు. ముగ్గురినీ ఈయనే చేసేవాడు. నవ్వి నవ్వి జనానికి కడుపు నొప్పి వచ్చేది. వాళ్లంతా ఏదో ఒక రోజు అలా తల ఊపి వచ్చినవాళ్లే.

ఆయన మొట్టమొదట నొప్పించింది నన్నే. నేను బీదరులో అమ్మాయిల హైస్కూలులో సైన్సు టీచర్ని. ఒకరోజు బడి బావి మీది పంపు బాగుచేయడానికి వచ్చి, పని అయ్యాక నా తరగతి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. లోపల లోలకం ప్రయోగం చూపిస్తున్నాను. గంట కొట్టే టైమవుతోందని తొందరలో దారం పొడుగూ మార్చాను, కట్టిన గుండూ మార్చాను. "చూశారా, ఇప్పుడు నెమ్మదిగా ఊగుతోంది" అన్నాను. గుమ్మం దగ్గర్నుంచి మాట వినిపించింది.

"టీచరమ్మా, నాకొక షక్ ఉన్నది."

షక్ అంటే అనుమానం. ఆయన నోట్లో ఎప్పుడూ ఆడే మాట అదే. అమ్మాయిలంతా అటు తిరిగారు. ఆయన వేళ్లు తుడుచుకున్నాడు.

"రెండు ఒక్కపారే మార్చినవు. ఇగ దారంతోని నెమ్మదైందా, గుండుతోని నెమ్మదైందా, ఎట్ల తెలుస్తది?"

తరగతి గొల్లుమంది. నా ముఖం మాడిపోయింది. ఆ రోజు ఆయన్ను తిట్టుకుంటూ ఇంటికి వెళ్లాను. మర్నాడు అమ్మాయిల ముందు నా తప్పు ఒప్పుకుని ప్రయోగం మళ్లీ చేశాను. ఆ సంగతి ఎలా తెలిసిందో, వారం తర్వాత బజారులో ఎదురై, "మళ్ల చేసినవంట గదా. మస్తు సంతోషం" అన్నాడు. అప్పటినుంచీ ఆయన నాకు అన్న.

ఆయన చదివింది నాలుగో తరగతి. ఒక్కసారి ఒక్కటే మార్చాలన్న నియమం ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే, ఇంజిన్ల దగ్గర అన్నాడు. ఇంజిను ఆగితే ఒక్కొక్కటే విప్పి చూడాలి. అన్నీ ఒకేసారి విప్పితే ఇంజిను మళ్లీ నడుస్తుంది గానీ రోగం ఏమిటో తెలియదు. అదే పద్ధతి ఆయన నవ్వుకూ పెట్టాడు. ఆయన ఇంకో నకలులో ఒక రైతు ఇంజినుకు నిమ్మకాయలు కట్టి, కుంకుమ బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొడతాడు. అయినా ఇంజిను నడవదు. మెకానిక్కును పిలుస్తాడు. "డీజిల్ పోసినవా?" అంటాడు మెకానిక్కు. నౌబాద్‌లో ఈయన ఆ రైతు చేత "పూజ చేసిన గదా" అనిపించాడు. జనం కాస్త నవ్వారు. బసవకళ్యాణ్‌లో అదే నకలు చేస్తూ "దేవుని దీపంల పోసిన" అనిపించాడు. జనం విరగబడి నవ్వారు.

"అయితే రెండోదే మంచిదన్నమాట" అన్నాను నేను.

"షక్ ఉన్నది టీచరమ్మా. బసవకళ్యాణోళ్లు దేనికైనా నవ్వే జనం కావొచ్చు. ఇప్పుడు ఆ మాట ఇక్కడ చెప్పాలె, ఇక్కడి మాట అక్కడ చెప్పాలె. అప్పుడు గాని తెల్వది."

ఒక నవ్వు కోసం బస్సెక్కి మళ్లీ బసవకళ్యాణ్ వెళ్లి, తక్కువ నవ్వు వచ్చే మాటను కావాలని చెప్పి వచ్చాడు. అలాంటి మనిషిని పట్టుకుని అమాయకంగా అందర్నీ నవ్వించాడని అంటే నాకు ఒళ్లు మండదా?

మైసూరు రాష్ట్రం పేరు కర్ణాటక అని మారిన రోజుల్లో ఆఫీసుల ముందు బోర్డులకు కొత్త రంగు పడుతోంది గానీ ఆకాశం నుంచి చుక్క పడడం లేదు. బావులు అడుగంటాయి. కొత్త బావి ఎక్కడ తవ్వాలన్నది ఇంటింటి మాట అయింది. అప్పుడు కొబ్బరికాయ స్వామి పేరు మోగింది. అరచేతిలో కాయను అడ్డంగా పడుకోబెట్టుకుని పొలమంతా నడుస్తాడు. కింద నీళ్లున్న చోట కాయ లేచి నిలబడుతుంది. బీదరు చుట్టూ ఆయన చూపిన చోటల్లా నీళ్లు పడ్డాయని చెప్పుకున్నారు.

ఒక ఆదివారం ఈయన ఒక కొబ్బరికాయతో మా ఇంటికి వచ్చాడు. ముఖంలో నవ్వు లేదు.

"టీచరమ్మా, నా చేతుల గూడ లేస్తాంది."

నకలు కట్టడానికని సాధన చేయబోతే నిజంగానే లేచిందట. ఆయన భయపడ్డాడు. ఇద్దరం బడి మైదానానికి వెళ్లాం. బడి ఆయా కూడా వచ్చి చూస్తూ నిలబడింది. ఆయన కాయ పట్టుకుని నడిచాడు. చేతులు కడుక్కునే తొట్టి పక్కన, పచ్చగడ్డి ఉన్న చోట కాయ లేచింది. మళ్లీ నడిచాడు. మళ్లీ అక్కడే. నేనూ నమ్మబోయాను.

"గుడ్డ ఉంటే కట్టు" అన్నాడు ఆయనే.

నా తువాలుతో ఆయన కళ్లు కట్టాను. గుండ్రంగా తిప్పి వదిలాను. భుజం పట్టుకుని నడిపిస్తూ, కాయ లేచిన చోటల్లా సుద్దతో గీత గీశాను. ఈసారి తొట్టి పక్కన రెండుసార్లు నడిచినా లేవలేదు. గేటు దగ్గర లేచింది. జెండా కర్ర దగ్గర లేచింది. సిమెంటు వరండా మీద లేచింది. ప్రతిసారీ కొత్త చోటే. గంతలు విప్పాక ఆ గీతలన్నీ చూసి ముందు పెద్దగా నవ్వాడు. తర్వాత వరండా మెట్టు మీద కూర్చుని అరచెయ్యి చూసుకున్నాడు.

"నేను కావాల్నని చేయలే టీచరమ్మా. పచ్చగడ్డి కనవడంగనే చెయ్యి నాకు చెప్పకుంటనే ఒంగింది. అంటే ఆ స్వామి గూడ దొంగ కాకపోవచ్చు. నమ్మిండు, గంతే. తన మీద తనకు షక్ రాలే."

"మరి ఆయన చెప్పిన బావుల్లో నీళ్లు పడ్డాయి కదా అన్నా?"

"ఏడ పడ్డయి? అన్ని బీదరు గుట్ట మీదనే గదా. ఇక్కడ కింద ఎర్ర జంబిటి రాయి. స్పంజి లెక్క నీళ్లు తాగి ఉంటది. ఏడ తవ్వినా ఎంతో కొంత పడ్తది. నేను ఎన్ని బావులల్ల దిగిన. కిందికి పోయి నల్లరేగడిల చూడమను. అడుగున నల్లరాయి. ఒక కాడ పడ్తది, పక్కన పడది. ఇంకోటి చెప్త విను. నీళ్లు పడ్డ బావి గురించి ఊరంత చెప్పుకుంటది. పడని బావిని ఎవలు తల్చుకోరు. సిగ్గుపడి పూడ్చి పెడ్తరు."

నేను శిక్షణ కళాశాలలో చదివి, పరీక్ష రాసి, సర్టిఫికెట్టు తెచ్చుకున్నదాన్ని. ఎవరైనా అడిగితే స్వామిది మూఢనమ్మకం అని ఒక్క మాటలో తేల్చేసేదాన్ని. ఆయన తేల్చలేదు. ముందు తన చేతినే అనుమానించాడు. చదువుకు, తెలివికి మధ్య ఎంత దూరం ఉండగలదో నాకు ఆ వరండాలో తెలిసింది.

మా సొంత ఊరు ఖటక్ చించోళికి కొద్ది దూరంలో ఉంటుంది. చుట్టూ నల్లరేగడే. ఊళ్లో మా మేనమామ వ్యవసాయం. నాకు తండ్రి లేడు. నన్ను చదివించింది ఆ మామే. ఆ ఏడు మా ఊరి జాతరలో ఈయన కొబ్బరికాయ నకలు కట్టాడు. ఇంకా వెలుతురు ఉంది. జనంలోంచి ఒకణ్ని పిలిచి తన కళ్లు కట్టించుకున్నాడు. కాయ పట్టుకుని తిరుగుతూ టీ కొట్టాయన బొజ్జ ముందు ఆగాడు. కాయ లేచింది. "ఇక్కడ తవ్వుండ్రి, మూడు గజాలకే పడ్తది" అన్నాడు. హార్మోనియం పెట్టె మీద లేచింది. బందోబస్తుకు వచ్చిన జవాను కాళ్ల దగ్గర లేచింది. జనం పడి పడి నవ్వారు. మా మామ కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. మా ఊరి పటేల్ కూడా నవ్వాడు. మొన్న సభకు అధ్యక్షత వహించింది ఈ పటేలే.

చివర గంతలు విప్పి, వేళ్లు తుడుచుకుని, మామూలు గొంతుతో అన్నాడు: "నవ్విండ్రు. మంచిదే. స్వామి మన ఊరికి వస్తే ఆయనకు గూడ ఇదే గుడ్డ కట్టుండ్రి. పది సార్లు నడిపియ్యుండ్రి. పది సార్లు ఒక్కకాడనే లేస్తే నేనే పార పట్టి తవ్వుత."

దానికీ నవ్వారు. పది రోజులు తిరక్కుండా మా మామ స్వామికి బండి పంపాడు.

కబురు తెలియగానే ఆయన్ను వెంటబెట్టుకుని బస్సెక్కాను. మేం వెళ్లేసరికి పొలంలో జనం ఉన్నారు. స్వామి అప్పటికే నడిచి ఒకచోట కొయ్య పాతించాడు. ముసలాయన, మెత్తటి మనిషి. అన్న ఆయనకు దండం పెట్టాడు. తర్వాత మా మామతో మాట్లాడాడు.

"పెద్దాయినా, నేను ఎక్కిరియ్యనీకి రాలే. కింద నల్లరాయి ఉన్నది. తవ్వుడు పానం మీది పని. ఒక్కపారి కళ్లు కట్టి చూద్దాం. లేస్తే తవ్వు, నేను తప్పైంది అంట."

స్వామి ఆ మాట విని కోపం తెచ్చుకోలేదు. "కట్టుండ్రి నాయినా, నాకేంది" అన్నాడు. ఇది నేను చెవులారా విన్నాను. పరీక్షకు స్వామి ఒప్పుకున్నాడు. ఒప్పుకోనిది పటేల్.

"ఊరికి పిలిచి స్వాముల కళ్లు కడ్తమా? మన ఇజ్జత్ ఏం గావాలె? నీ పని నవ్విచ్చుడు. నవ్విచ్చి పో."

అక్కడే బావి తవ్వే ఎల్లయ్య పార మీద చెయ్యి ఆనించి నిలబడి ఉన్నాడు. పక్కన అతని భార్య నర్సమ్మ, చంకలో తట్ట. ఎల్లయ్య మెల్లగా అన్నాడు: "కట్టి చూస్తే తప్పేముంది పటేలా? దిగేది మేము గదా."

"నిన్ను అడిగిండ్రా?" అన్నాడు పటేల్.

ఎల్లయ్య తల దించుకున్నాడు. మా మామ నా వైపు చూశాడు. ఏదైనా అంటానేమోనన్న చూపు అది. బడి మైదానంలో గంతలు కట్టి పరీక్ష చేసింది నేను. సుద్దతో గీతలు గీసింది నేను. ఆ ఊళ్లో సైన్సు చదివిన ఒకే ఒక్క మనిషిని నేను. "పోదాం పద అన్నా, బస్సు టైమైంది" అన్నాను. ఆ రోజు నా నోట్లోంచి వచ్చిన మాట అదొక్కటే.

వాళ్లు తవ్వారు. పై మట్టి తేలిగ్గా వచ్చింది. తర్వాత రాయి తగిలింది. మందు పెట్టి పేల్చారు. తడి కూడా కనిపించలేదు. ఇంకొంచెం దిగితే పడుతుందని పటేల్ చెప్పాడు, మామ నమ్మాడు. పేలుళ్లకు పై అంచు మట్టి వదులైంది. ఒకరోజు మధ్యాహ్నం నర్సమ్మ పైన తట్ట దింపుతుండగా ఒక పక్క మొత్తం కూలింది. ఎల్లయ్య అడుగున ఉన్నాడు. బయటికి తీసేసరికి ప్రాణం లేదు.

ఇంతవరకూ జరిగినదాన్ని పొరపాటు అని సరిపెట్టుకోవచ్చు. తర్వాత జరిగినదానికి నేను క్షమించలేను, ఎవరినీ. ఊరి పెద్దలు కూర్చుని ఎల్లయ్య చావుకు కారణం కనిపెట్టారు. పేలుడు మందు కాదట, అంచుకు ఆధారం కట్టకపోవడం కాదట, నీళ్లు లేని చోట అంత లోతు దింపడం కాదట. జాతరలో ఈయన చేసిన నకలట. నీళ్లతల్లిని వెక్కిరించాడట. ఆమెకు కోపం వచ్చి నీళ్లు దాచుకుందట, మట్టి దొర్లించిందట. ఆయన్ను పిలిపించారు. రాకపోయినా వాళ్లు చేయగలిగేది ఏమీ లేదు. ఎల్లయ్య ఇంటివాళ్లను చూడాలని వచ్చాడు.

చావిడి ముందు మామ, పటేల్, ఊరివాళ్లు. ఒక పక్క నేల మీద నర్సమ్మ. ఆడవాళ్లలో నేను. ఏడ్చి ఏడ్చి మామ ముఖం ఉబ్బి ఉంది. తను చేసిన తప్పు ఆయనకు తెలుసు. దాన్ని ఇంకొకరి మీద వేసే దారి దొరికితే ఎవరు కాదంటారు?

పటేల్ అన్నాడు: "గంగమ్మను ఎక్కిరిచ్చినవు. పానం పోయింది. నా నవ్వుతోనే ఇదంత అయింది అని అందరి ముంగట ఒప్పుకో. చెంపలేసుకో."

ఆయన మసిగుడ్డ తీసి వేళ్లు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. ఒక చెయ్యి అయ్యాక రెండో చెయ్యి. జనంలో కొందరు, అలవాటు కొద్దీ, నవ్వు వస్తుందేమోనని పెదాలు సిద్ధం చేసుకోవడం నా కళ్లతో చూశాను. ఆయన పటేల్ వైపు చూడలేదు. నర్సమ్మ ముందుకు వెళ్లి కింద కూర్చున్నాడు.

"అమ్మా, నేను నవ్విచ్చి ఊకున్న. పొలంల ఆనాడు జిద్దు చేసి అడ్డం పండుకోవాలె. బస్సెక్కి పోయిన. అది నా గల్తీ. నవ్వు గల్తీ కాదు. నన్ను మాఫ్ చెయ్యి."

"అట్ల కాదు" అన్నాడు పటేల్. "నేను చెప్పినట్టు చెప్పు."

"నువ్వు చెప్పినట్టు చెప్పనీకి రాదు పటేలా. నాకు షక్ ఉన్నది. నవ్వుతోని మట్టి కూలదు. మందుతోని కూల్తది."

కలకలం రేగింది. ఎవరో ఆయన చొక్కా పట్టుకున్నారు. అప్పుడు నర్సమ్మ లేచింది. మూడు రోజులుగా ఎవరితోనూ మాట్లాడని మనిషి.

"ఆయనను ఇడిచిపెట్టుండ్రి. కళ్లు కట్టుమని ఆయన అన్నడు. మా ఆయన అన్నడు. ఆ స్వామి గూడ కట్టుమన్నడు. వద్దన్నది నువ్వు పటేలా."

అంతే చెప్పి మళ్లీ కూర్చుంది. చొక్కా పట్టుకున్న చెయ్యి వదిలేసింది. అక్షరం రాని మనిషి, భర్త పోయి మూడు రోజులైన మనిషి ఆ మాట అన్నది. శిక్షణ కళాశాల సర్టిఫికెట్టు ఉన్న నేను ఆడవాళ్ల మధ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డాను. చదివించిన మామ ఎదుట ఎలా మాట్లాడేదని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. నర్సమ్మకు ఆ మామే కూలి ఇచ్చేవాడు. ఆమెకు నాకన్నా ఎక్కువ భయం ఉండాలి కదా.

పటేల్‌కు ఏమీ కాలేదు. ఇలాంటివాళ్లకు ఏమీ కాదు. ఆయన చేసిందల్లా నాలుగు ఊళ్ల పెద్దలకు కబురు పంపడం. ఆ తర్వాత ఏ జాతరలోనూ ఈయన నకలు లేదు. ముందే అచ్చు వేసిన కరపత్రాల మీద ఆయన పేరు ఉన్నచోట సిరా పూశారు. జనం అడిగారా, మన నవ్వుల మనిషి ఏడీ అని? ఒకరిద్దరు అడిగారట. మిగతావాళ్లకు ఇంకో నవ్వించేవాడు దొరికాడు. అతను లావుపాటి ఆడవాళ్ల మీద, నత్తివాళ్ల మీద నకళ్లు కట్టేవాడు. వాటికి ఏ పటేల్ ఇజ్జతూ పోలేదు.

నేను చాలా నెలలు నౌబాద్ వైపు వెళ్లలేదు. వెళ్లిన రోజు ఆయన షెడ్డులో ఇంజిను ముందు కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవలేదు.

"అన్నా, నేను ఆ రోజు మాట్లాడలేకపోయాను. క్షమించు."

ఏదో ఒక చతురోక్తి విసిరి నన్ను తేలిక చేస్తాడని అనుకున్నాను. అది ఆయనకు తెలిసిపోయినట్టుంది.

"నాకు కోపం ఉన్నది టీచరమ్మా. పోలే ఇంక. నేను చెప్తే నకల్ అంటరు. నువ్వు చెప్తే సైన్స్ అందురు. ఇద్దరం చూసినం, ఇద్దరికి తెలుసు. నువ్వు బస్సు టైమైంది అన్నవు."

ఆయన పానా కింద పెట్టాడు.

"మాఫీ నన్ను అడిగితే ఏమొస్తది? నర్సమ్మ ఇక్కడనే ఉన్నది. ఊరిడిచి వచ్చింది. ఇటుకల బట్టీల పని జేస్తాంది. పా పోదాం."

బట్టీ ఆ రోడ్డు చివరే. ఎండ మండుతోంది. నర్సమ్మ పచ్చి ఇటుకలు వరసగా పేరుస్తోంది. నన్ను చూసి కొంగుతో ముఖం తుడుచుకుంది. నేను దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలు చెప్పాను. ఆ రోజు పొలంలో నేను నోరు తెరవాల్సింది, చావిడి దగ్గరైనా తెరవాల్సింది, తెరవలేదు అన్నాను. ఆమె వింటూనే ఇంకో నాలుగు ఇటుకలు పేర్చింది.

"నువ్వు బడిల చెప్తవు గదమ్మా?" అంది.

"అవును."

"ఏం నేర్పుతరు ఆడపిల్లలకు?"

"సైన్సు చెబుతాను. ఏది చూసినా ఎందుకు, ఎట్లా అని అడగమని నేర్పుతాను. పెద్దవాళ్లు చెప్పినా సరే, పరీక్ష చేసి చూడకుండా ఒప్పుకోవద్దని చెబుతాను."

నర్సమ్మ చేతిలో ఇటుక పట్టుకుని నన్ను చూసింది. ఆ చూపులో కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"మరి నీకు ఎవలు నేర్పలేదా?"

నేను ఆయన వైపు తిరిగాను. నాలుగు భాషల్లో ఎంత మందినైనా గట్టెక్కించగల నోరు కదా, ఒక్క మాట అని నన్ను గట్టెక్కిస్తాడేమోనని చూశాను. ఆయన భుజం మీది గుడ్డ తీసి పక్కన గోడ మీద పెట్టాడు. వంగి రెండు ఇటుకలు ఎత్తుకుని నర్సమ్మ వరసకు అందించాడు. ఆమె అడిగిన దానికి నేను జవాబు చెప్పేదాకా అక్కడే ఉంటాడని నాకు అర్థమైంది.